పాటలో మనవాళ్లంతా ఏరీ, పిల్లా?

మామ్మ గారు 2023 సెప్టెంబరులో బాత్రూములో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, మెట్లు దిగే ఓపిక మళ్లీ రాలేదు. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా క్రైస్తవ సంఘం ఆరాధనకు కూడుకునే హాలు అక్కడికి రెండు వీధుల అవతలే. బెంగళూరు రామమూర్తినగర్‌లో, ఒక హార్డ్‌వేర్ షాపు పైన అద్దెకు తీసుకున్న హాలు అది. ఆదివారం ఉదయం గాలి అటు వీస్తే తబలా మోత మామ్మ గారి కిటికీ దాకా వెళ్తుంది. మోత వెళ్తుంది, మాట వెళ్లదు.

ఆమె కోసమే మేం ఆరాధనను ఇంటర్నెట్‌లో లైవ్‌గా పంపడం మళ్లీ మొదలుపెట్టాం.

మళ్లీ అని ఎందుకంటున్నానంటే, అంతకుముందు ఒకసారి పెట్టి మానేశాం. 2020 మార్చి 22 ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఆ రోజు మొదటిసారి మా హాలుకు తాళం పడింది. తర్వాత లాక్‌డౌన్. ఏప్రిల్ 12న ఈస్టర్ కూడా ఇళ్లలోనే. పాస్టర్ గారు వాళ్లింటి ముందు గదిలో ఫోనును బిస్కెట్ డబ్బాకు ఆనించి వాక్యం (ప్రసంగం) చెప్పేవారు. జూన్ 8 నుంచి ప్రార్థనాస్థలాలు తెరవచ్చని అనుమతి వచ్చాక మెల్లగా అందరూ తిరిగి వచ్చారు, ఫోను పక్కకు వెళ్లిపోయింది. "ఇంట్లో కూర్చుని చూడడం అలవాటైతే గుడికి రావడం మానేస్తారు" అని సంఘ పెద్దలకు భయం. ఆ భయం తప్పని నేను అనను. కానీ రాగలిగీ రానివాళ్లు వేరు, రాలేనివాళ్లు వేరు. మామ్మ గారికి 82 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ హాల్లో మొదటి వరసలో, ఫ్యాను కింద కుర్చీ ఆవిడది. ఆవిడ పడ్డ తర్వాత కూడా ఆ కుర్చీలో ఎవరం కూర్చోలేదు.

నేను అకౌంట్స్ పని చేస్తాను, ఇందిరానగర్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో. సౌండు గురించి, కెమెరాల గురించి నాకు ముందు ఏమీ తెలియదు. సంఘ లెక్కలు నేనే రాస్తాను కాబట్టి "నువ్వే చూడమ్మా, పదివేలు దాటకుండా" అన్నారు పాస్టర్ గారు. మాది తొంభై మంది సంఘం. మేస్త్రీలు, నర్సులు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఆటో నడిపే అన్నలు. ఆ పదివేలు ఎవరి కానుకల నుంచి వచ్చాయో నాకు పేరు పేరునా తెలుసు. రూపాయి వృథా కాకూడదని టెన్షన్ పడ్డాను.

మొదటి ఆదివారం నా ఫోనుతోనే పెట్టాం. యూట్యూబ్‌లో కొత్త ఛానల్ తెరిస్తే అదే రోజు లైవ్ రాదు. ఫోన్ నంబరుతో వెరిఫై చేసి 24 గంటలు ఆగాలి. ఫోన్ యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటరు నుంచి ఇస్తే ఆ నిబంధన లేదు. యాభై మందిని మా స్త్రీల సమాజం వాళ్లు ఒక్క సాయంత్రంలో చేర్చేశారు. తీరా ఆరాధన మొదలై గంటన్నర దాటి, వాక్యం మంచి పట్టు మీద ఉండగా బొమ్మ ఆగిపోయింది. నా ఫోనులో ఉన్నది రోజుకు 2 జీబీ ప్యాక్. సెకనుకు 2,500 కిలోబిట్ల చొప్పున పంపితే గంటకు 1.1 జీబీ పైనే ఖర్చవుతుంది. రోజూ లెక్కలు చూసే నేను ఆ లెక్క ముందు వేసుకోలేదు. ప్యాక్ అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ స్పీడులో వీడియో మాట అటుంచి, ఫొటో వెళ్లడమే కష్టం.

కింద షాపు అన్న తన ఇంటర్నెట్ నుంచి మాకు పైకి ఒక వైరు లాగి ఇచ్చాడు. వైఫై వద్దు, వైరే కావాలని అడిగాం. ఆదివారం తొంభై మంది ఫోనులు జేబుల్లో ఉంటాయి, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు కూడా ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. లైవ్ ఇచ్చేవాళ్లు చూడవలసింది అప్‌లోడ్ స్పీడు. కంపెనీలు గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్ స్పీడు. పంపే దానికి కనీసం రెట్టింపు అప్‌లోడ్ ఖాళీగా ఉంటే గానీ నేను నిశ్చింతగా ఉండను.

ఆ సాయంత్రం మామ్మ గారింటికి వెళ్లాను. బొమ్మ ఆగిపోయినందుకు ఏమంటారోనని వెళ్తే, ఆవిడ ఆ సంగతే ఎత్తలేదు. చూపు ఎప్పుడో సగం పోయింది, ఆవిడకు బొమ్మ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. "అయ్యగారు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది పిల్లా. మాట తెలియట్లేదు" అన్నారు, పాస్టర్ గారి గురించి.

అప్పటిదాకా నేను కెమెరాల ధరలే చూస్తున్నాను. ఆ మాటతో కెమెరా ఆలోచన పక్కన పెట్టేశాను. హాలు వెనక నిలబెట్టిన ఫోను వినేది అయ్యగారి గొంతును కాదు. గోడలకు తగిలి తిరిగొచ్చిన గొంతును, దానిమీద ఆరు ఫ్యాన్ల గాలిని. మనిషి చెవి ఎదుట ఉన్నప్పుడు అవన్నీ వడకట్టుకుంటుంది. ఫోను మైకుకు ఆ తెలివి లేదు. బొమ్మ మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట తెలియకపోతే రెండు నిమిషాల్లో కట్టేస్తారు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టే సంఘాలకు నేను చెప్పేది ఇదొక్కటే: ముందు మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి సౌండు నేరుగా తీసుకోండి, కెమెరా తర్వాత చూద్దురు గాని.

నేను, కీబోర్డు వాయించే తమ్ముడు కలిసి ఒక శనివారం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లాం. కేఆర్ పురంలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, చిక్కపేటలో దిగి నడక. ఆ రోడ్డులో ఒక్కో షాపు కన్నా పిచ్చుక గూడు నయం, కానీ దొరకని వస్తువు ఉండదు. మొదట మిక్సర్ నుంచి ఫోనుకు పెట్టే వైరు కొన్నాం, 350 రూపాయలు. పిన్ను మీద నల్ల గీతలు రెండుంటే ఫోను దాన్ని మైకుగా గుర్తించదు, మూడు ఉండాలి. ఇది తెలియక అంతకుముందు కొన్న వైరు ఇప్పటికీ డ్రాయర్లో ఉంది. ఇంకో సంగతి, మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టు దరిదాపుల్లో ఉంటుంది. ఫోను మైకు ఎదురుచూసేది మిల్లీవోల్టుల్లో. నేరుగా గుచ్చితే గొంతు చిరిగిపోయినట్టు వస్తుంది. మధ్యలో దాన్ని తగ్గించే రెసిస్టర్లున్న వైరే అడిగి తీసుకోవాలి.

ఆ వైరుతో నెల రోజులు నడిపాం. తర్వాత సాఫ్ట్‌వేర్ తమ్ముడొకడు తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు, అందులో ఓబీఎస్ వేశాం. బొమ్మను, సౌండును కలిపి లైవ్‌కు పంపే, 2012 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది, పెద్ద పెద్దవాళ్లూ అదే వాడతారు. దానికి సౌండు ఇవ్వడానికి బెరింగర్ యూసీఏ222 అనే అరచేతిలో పట్టే ఎర్ర పెట్టె, 2,900. కెమెరాగా నా ఫోనే, యూఎస్‌బీ వైరుతో. స్టాండు 1,150. ఫోను కవరు తీసేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెడతాను. ఒకసారి వాక్యం మధ్యలో కొరియర్ వాడు ఫోను చేసి లైవ్ ఆగిపోయింది, అప్పటి నుంచి ఈ జాగ్రత్త.

ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే జుయ్‌య్ అని హమ్ మొదలైంది. తీస్తే పోతుంది. ఇది 50 హెర్ట్జ్ కరెంటు మోత, మిక్సర్ ఒక గోడ ప్లగ్గులో, ల్యాప్‌టాప్ ఇంకో గోడ ప్లగ్గులో ఉండడం వల్ల ఎర్తు తేడాతో వచ్చింది. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డులోకి మారిస్తే మా దగ్గర పోయింది. పైసా ఖర్చు కాలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వాళ్లు ఎడమ చెవిలోనే వస్తోందన్నారు. ఓబీఎస్ ఆడియో సెట్టింగుల్లో మోనో అనే చోట టిక్ పెడితే అదీ సరిపోయింది.

అన్నీ అయ్యాయి, ఇప్పుడు అయ్యగారి మాట పక్కన కూర్చుని చెప్పినట్టుంది అనుకుని, ఆదివారం సాయంత్రం సంతోషంగా మామ్మ గారి దగ్గరికి వెళ్లాను.

"మాట బాగుంది. చాలా బాగుంది" అన్నారు. కాసేపాగి, "పాటలో మనవాళ్లంతా ఏరీ, పిల్లా? అయ్యగారు ఒక్కరే పాడుతున్నారు. జనం రావట్లేదా?" అన్నారు.

ఇంటికొచ్చి రికార్డింగు విన్నాను. నిజమే. అయ్యగారి గొంతు, సన్నగా కీబోర్డు, అంతే. తబలా ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంది. తొంభై మంది గొంతెత్తి పాడిన కీర్తన, చప్పట్లు, గంజీర, ఏదీ లేదు. హాల్లో అందరం చెవులారా విన్న పాట ఆ వైరులోకి వెళ్లనే లేదు. ఎందుకంటే ఆ వైరులోకి వెళ్లేది మైకు ముందు ఉన్నది మాత్రమే. హాల్లో తబలా తనంతట తనే గట్టిగా వినబడుతుంది కాబట్టి మిక్సర్‌లో దాన్ని తగ్గించి పెడతాం. జనం పాటకు మైకే లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడకు నేను అంత కష్టపడి పంపింది, జనం లేని గుడి.

అప్పుడు తెలుసుకున్నాం, మిక్సర్‌లో ప్రతి చానల్ మీదా ఉండే ఆక్స్ అనే బుడిపె ఎందుకో. ఏళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. హాలు స్పీకర్లకు వెళ్లే పాళ్లు వేరు, ఆక్స్ ద్వారా బయటికి వెళ్లే పాళ్లు వేరుగా పెట్టుకోవచ్చు. అంటే హాల్లో తబలా తక్కువే ఉంచి, లైవ్‌కు మాత్రం ఎక్కువ పంపవచ్చు. అది ప్రీ-ఫేడర్ ఆక్స్ అయితే ఇంకా మంచిది, హాలు కోసం ఫేడర్ (సౌండు పెంచి తగ్గించే మీట) పైకీ కిందకీ జరిపినా లైవ్ సౌండు కదలదు. తర్వాత 2,400 పెట్టి ఒక సన్నని కండెన్సర్ మైకు, దానికి 900 పెట్టి పొడుగు వైరు కొన్నాం. ఆ మైకును పుల్పిట్ (వాక్యం చెప్పే చోటు) పక్క గోడకు ఏడడుగుల ఎత్తులో కట్టి, జనం వైపు తిప్పాం. దాని ఫేడర్ పూర్తిగా కింద, ఆక్స్ మాత్రం పైన; ఇది ప్రీ-ఫేడర్ ఆక్స్ అయితేనే కుదురుతుంది. హాలు స్పీకర్లలోకి వస్తే కూతపెడుతుంది కదా. ఈ రకం మైకుకు మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఆ స్విచ్ వేసేటప్పుడు స్పీకర్ల సౌండు కిందకి దించాలి. మేం దించకుండా వేస్తే వచ్చిన చప్పుడుకు ఆదివారపు బడి పిల్లలు ఏడ్చారు.

అయినా జనం పాట వస్తూ పోతూ ఉంది. రెండు వారాలు మైకు జరుపుతూ, వైరు మారుస్తూ గడిపాం. చివరికి తమ్ముడు పట్టుకున్నాడు. ఫ్యాన్ల మోత పోవాలని ఓబీఎస్‌లో నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ పెట్టాం. అది ఎదురుగా మాట్లాడే మనిషి గొంతును ఉంచి, మిగతాదంతా రొద అనుకుని తుడిచేస్తుంది. మా వాళ్ల పాటను కూడా రొద కిందే లెక్కేసింది. తీసేశాం. ఇప్పుడు ఫ్యాన్ల గాలి కొంచెం వినబడుతుంది, ఉండనీ. వాక్యం అప్పుడు తమ్ముడు గోడ మైకును తగ్గిస్తాడు, పాట అప్పుడు పెంచుతాడు. అయ్యగారు ప్రార్థనలో గొంతు బాగా దించుతారు, హల్లెలూయ దగ్గర ఎత్తుతారు. ఆ తేడా తగ్గించడానికి కంప్రెసర్, లిమిటర్ అనే రెండు ఫిల్టర్లు ఉన్నాయి, అవి మాత్రం ఉంచాం.

ఎక్కడో చదివాను, చర్చి ఆరాధన మొట్టమొదట రేడియోలో వచ్చింది 1921 జనవరి 2న అట. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి నుంచి కేడీకేఏ రేడియో పంపింది. ఆరాధనకు ఆటంకం కాకూడదని టెక్నీషియన్లకు పాటల బృందం అంగీలు తొడిగి కూర్చోబెట్టారట. అది చదివి నాకు మంచి బుద్ధి వచ్చింది. అంతవరకు నేను సరైన బొమ్మ కోసం నడవలో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఇప్పుడు స్టాండు కిటికీ పక్క మూలలో, గోడకు తాడుతో కట్టి ఉంటుంది. ఆరాధన మొదలయ్యాక దాన్ని ఎవరం ముట్టుకోం. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే) ఆదివారం నేనూ అందరితో పాటు వెళ్లి మోకరిస్తాను.

ఇక నేను చేసిన తప్పు రాయాలి. ఒక అక్క సాక్ష్యం చెప్పింది. కొడుకు తాగుడు గురించి, ఇంట్లో జరిగే గొడవల గురించి, ఏడుస్తూ, ప్రార్థన చేయమని అడుగుతూ. మనవాళ్ల మధ్య చెప్పుకున్న మాట అది. కానీ లైవ్ నడుస్తోంది. మర్నాటికి ఆ ముక్క వాట్సాప్‌లో వాళ్ల ఊరికి చేరింది, కొడుక్కి పిల్లను ఇవ్వాలనుకుంటున్న వాళ్లకు కూడా. ఆ అక్క మూడు వారాలు గుడికి రాలేదు. నేను, పాస్టరమ్మ గారు వెళ్లి క్షమించమని అడిగాం. ఆవిడ క్షమించింది, కానీ మళ్లీ ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు.

ఇప్పుడు సాక్ష్యాలు, ప్రార్థన విన్నపాలు మొదలవగానే ఓబీఎస్‌లో ఒక బొత్తాం నొక్కుతాం. తెర మీద "సంఘం ప్రార్థనలో ఉంది" అని వస్తుంది, సౌండు పూర్తిగా ఆగిపోతుంది. ఛానల్‌లో లైవ్‌ను అన్‌లిస్టెడ్‌గా పెడతాం, లింకు ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది. కానీ లింకు ఒకరి నుంచి ఒకరికి పోవడం ఎంతసేపు? అందుకే సౌండు ఆపడమే అసలు కాపుదల. కెమెరా పుల్పిట్ వైపే, జనం ముఖాల వైపు తిప్పం. ఇంట్లో చెప్పకుండా గుడికి వచ్చేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు. పొరపాటున ఏదైనా వెళ్తే ముందు వీడియోను ప్రైవేట్ చేసి, తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క కత్తిరించాలి. కత్తిరింపు పూర్తవడానికి గంటలు పడుతుంది, అంతదాకా పబ్లిక్‌గా ఉంచితే లాభం లేదు.

ఆరాధనకు ముందు హాల్లో ఎవరో ఫోనులో పెట్టిన రికార్డింగు పాటకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు, ఛానల్ పోదు. అయినా అప్పటి నుంచి మేం పాడుకున్నవే వెళ్తాయి.

రికార్డింగు సంగతి. 2024 మార్చి 29, శుభశుక్రవారం. మూడు గంటల ఆరాధన, ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. ఆ రోజు లైవ్ వద్దు, రికార్డు చేసి ఏడు ముక్కలుగా వాట్సాప్‌లో పంపుదాం అనుకున్నాం. ఆరో మాట, "సమాప్తమైనది", దాని మీద వాక్యం నడుస్తుండగా కరెంటు పోయింది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికి పనిచేయడం మానేసింది. రెండున్నర గంటల ఎంపీ4 ఫైలు తెరుచుకోనే లేదు. ఎంపీ4లో ఫైలు ముగించేటప్పుడు రాయవలసిన వివరం రాయకపోతే మొత్తం పాడవుతుందట. ఎంకేవీ అనే ఇంకో రకం ఫైలుగా రికార్డు చేస్తే మధ్యలో ఆగినా, ఆగిన చోటు దాకా మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ నొక్కి ఎంపీ4గా మార్చుకోవచ్చు. ఆ సెట్టింగు మార్చడానికి పది సెకన్లు పట్టింది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కూడా కొన్నాం, 1,400.

మొత్తం 9,100. మిగిలిన 900 తిరిగి సంఘం పుస్తకంలో జమ రాశాను.

ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లు ఒకటి చూసుకోండి: 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి. దాచుకోవాలనుకున్నవి దించుకోవలసిందే. మేం ఎలాగూ ప్రతి ఆదివారం వాక్యాన్ని ఆడాసిటీ అనే సౌండు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో విడిగా కోసి, 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 చేస్తాం. 45 నిమిషాల వాక్యం 22 ఎంబీ లోపే. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మా చెల్లెళ్లు ఇద్దరు వంట చేసుకుంటూ వింటారు. నైట్ డ్యూటీ నర్సులు బస్సులో వింటారు. వీడియో కన్నా ఈ చిన్న ఫైలే ఎక్కువ మందికి చేరుతోందని నా నమ్మకం.

మామ్మ గారు మాత్రం లైవే కావాలంటారు. అందరూ పాడే వేళకే తనూ పాడాలట. లైవ్ ఆవిడకు అరనిమిషం ఆలస్యంగా చేరుతుందని నేను చెప్పలేదు. ఆలస్యం తగ్గించే సెట్టింగు ఉంది గానీ, తగ్గిస్తే ఆవిడ ఫోనులో మధ్య మధ్య ఆగుతుంది. ఆగకుండా వెళ్లడమే మేలనిపించింది.

పోయిన ఆదివారం సాయంత్రం టీ తీసుకుని వెళ్లాను. అప్పటికే తలుపు తీసి ఉంది.

"రెండో పాటలో చప్పట్లు తాళం తప్పాయి, కుర్రాళ్లు కుడి పక్కన కూర్చున్నారు కదూ?" అన్నారు. అవునన్నాను. "చంటిపిల్ల ఏడ్చింది, మేస్త్రీ గారి మనవరాలేనా? నెలలు నిండి పుట్టిందా?" అవునన్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "వాక్యం అప్పుడు నా కుర్చీ పక్కన ఎవరో దగ్గుతూనే ఉన్నారు. మీ ఆయనే. నాకు తెలుసు. మిరియాల పాలు ఇవ్వు" అన్నారు.